గట్టు కింద దొంగతూము

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్నోడు ఒక ప్రశ్న వేశాడు. "వైరస్‌తో పోరాడాల్సిన కణంలోనే వైరస్ కాపురం పెడితే, ఆ కణం ఊరుకుంటుందా?" అని. ప్రయాణాల హడావిడిలో జవాబు చెప్పలేదు. అప్పటినుంచీ అదే నా మనసులో ఉంది.

లొల్ల లాకులు గుర్తున్నాయి కదా. ధవళేశ్వరం నుంచి వచ్చిన నీళ్ళు అక్కడ కాలవలుగా చీలతాయి. తలుపు ఎత్తమని కబురు వస్తేనే లస్కరు ఎత్తుతాడు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలదీ ఇదే పద్ధతి. ముందు వాటి గ్రాహకానికి, అంటే పొర మీద కబురు అందుకునే ప్రోటీన్‌కి, శత్రువు ముక్క తగలాలి. మామూలుగా అదొక్కటే చాలదు, టి కణం అనే మరో రక్షక కణం వచ్చి సిడి40 అనే మరో గ్రాహకాన్ని కూడా తట్టాలి. అప్పుడే "బతుకు, పెరుగు" అన్న కబురు లోపలికి వెళుతుంది. ఇంత కట్టుదిట్టం అవసరమే. అదుపు తప్పిన బి కణం సొంత ఒంటి మీదే తిరగబడొచ్చు, కేన్సరూ కావచ్చు.

ఎప్‌స్టీన్-బార్ వైరస్ దూరేది సరిగ్గా ఈ కణాల్లోకే. 1964లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ దీన్ని ఆఫ్రికా పిల్లల కణితి కణాల్లో కనిపెట్టారు. ఎంగిలితో అంటుకుంటుంది. పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఇది ఉంటుంది, నాలోనూ ఉండే ఉంటుంది.

ఆ వైరస్ ప్రోటీన్ ఎల్‌ఎమ్‌పి1 చేసేది సిడి40 పనే, కానీ చూడటానికి దానిలాగా ఉండనే ఉండదు. కణం పొరను ఆరుసార్లు అటూ ఇటూ కుట్టినట్టు ఉంటుంది. బయట తట్టించుకునే భాగం దాదాపు లేదు. ఈ ఎల్‌ఎమ్‌పి1లు తమలో తామే గుంపుకట్టి, లోపలివైపు తోకలతో, కబురు మోసే ట్రాఫ్ అనే ప్రోటీన్లను పట్టుకుంటాయి. సిడి40 పట్టుకునేదీ వాటినే! తలుపు జోలికి పోకుండా, వంతు లేకుండా, గట్టు కింద దొంగతూము వేసుకున్నట్టు. నీళ్ళు పారుతూనే ఉంటాయి, ఆపే తలుపు లేదు. మొదటి గ్రాహకం కబురును ఎల్‌ఎమ్‌పి2ఎ అనే ఇంకో ప్రోటీన్ అనుకరిస్తుంది. రూపాన్ని కాదు, పనిని కాపీ కొట్టడం! నన్ను ఇన్నేళ్ళుగా ఆశ్చర్యపరుస్తున్నది ఇదే.

మరి మనందరికీ కేన్సర్ రావాలి కదా అంటారేమో. ఇలా పెరుగుతున్న కణాలను టి కణాలు గుర్తుపట్టి చంపుతాయి. అవయవ మార్పిడి తర్వాత వాడే మందులతో టి కణాలు నీరసిస్తే ప్రమాదం అందుకే. వైరస్ మాత్రం పాత శత్రువును గుర్తుంచుకునే జ్ఞాపక బి కణాల్లోకి చేరి, అక్కడ తన ప్రోటీన్లు దాదాపు ఏవీ తయారుచేయకుండా నక్కి, జన్మంతా ఉండిపోతుంది.

సిడి40 బొమ్మ, ఎల్‌ఎమ్‌పి1 బొమ్మ పక్కపక్కన గీసి నాకు పంపండి. తోకలు మాత్రం పొర లోపలివైపే ఉండాలి.

మీ తాతయ్య