బాణం బరువు, జింక చెవులు: ఆఫ్రికా వేటకు క్రాస్‌బో ఎలా ఎంచుకోవాలి?

జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడు ఈ ప్రశ్న పంపారు. "ఇక్కడి స్నేహితులు వచ్చే చలికాలంలో లింపోపో రాష్ట్రం వైపు ఒక గేమ్ ఫార్మ్‌కి (వేట కోసం అడవి జంతువులను ఉంచే ప్రైవేటు స్థలం) వేటకు రమ్మంటున్నారు. తుపాకీ వద్దు, క్రాస్‌బో తీసుకో అంటున్నారు. షాపులో ఒకదాని మీద సెకనుకు 400 అడుగులు అని, ఇంకోదాని మీద 330 అని రాసి ఉంది. వేగం ఎక్కువున్నది కొంటే సరిపోతుంది కదండీ?"

సరిపోదు. నా లెక్క ప్రకారం ఆ పెట్టె మీద అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సిన అంకె అదే. ఎందుకో చెప్పాలంటే పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. అందుకే ఈ ప్రశ్న నాకు బాగా నచ్చింది. క్రాస్‌బో అంటే తుపాకీ లాంటి పిడికి అడ్డంగా బిగించిన విల్లు. నారిని ముందే లాగి కొక్కేనికి తగిలించి, ట్రిగ్గర్ నొక్కి బాణం వదులుతారు.

ఆఫ్రికాలో 'ప్లెయిన్స్ గేమ్' అనేది మైదానాల్లో తిరిగే జంతువులకు వేటగాళ్లు పెట్టుకున్న పేరు. స్ప్రింగ్‌బక్, ఇంపాలా, బ్లెస్‌బక్, అడవిపంది జాతికి చెందిన వార్ట్‌హాగ్, వైల్డబీస్ట్, జెమ్స్‌బక్, కుడూ, జీబ్రా, ఈలండ్ ఇవన్నీ అందులోకి వస్తాయి. సింహం, అడవి దున్న, ఏనుగు లాంటివి ఈ లెక్కలోకి రావు. ఒకే పేరు కింద ఉన్నా వీటి మధ్య తేడా మామూలుగా లేదు. స్ప్రింగ్‌బక్ 35 కిలోలు ఉంటే పెద్ద మగ ఈలండ్ 800 కిలోలు దాటుతుంది. రెండిటికీ ఒకే విల్లు, ఒకే బాణం పనికొస్తాయా అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఒక సంగతి. వేటకు వాడే .30-06 తుపాకీ గుండు గతిశక్తి సుమారు 3,800 జౌళ్లు. మంచి క్రాస్‌బో బాణానిది 115 జౌళ్ల దగ్గర ఉంటుంది, అంటే ముప్పయ్యో వంతు. కాబట్టి బాణం దెబ్బ తాకిడికి జంతువు పడిపోదు. పదునైన మొన రెండు ఊపిరితిత్తులనూ కోసుకుంటూ అవతలికి వెళితే రక్తం పోయి, ఊపిరితిత్తులు కుంచించుకుపోయి కొద్ది సెకన్లలో పడిపోతుంది. కలహారిలోని సాన్ ప్రజల విల్లు చాలా బలహీనమైనది. వాళ్ల బాణానికి ఆ కోత కూడా అక్కర్లేదు, డయాంఫిడియా అనే పెంకుపురుగు లార్వాల నుంచి తీసిన విషం పని పూర్తి చేస్తుంది. విషం లేని మన బాణానికి మాత్రం రెండే ఆధారాలు: ఎంత లోతుకు దిగుతుంది, అది చేరేసరికి జంతువు గురిపెట్టిన చోటే ఉంటుందా.

మొదట లోతు సంగతి. షాపువాడు చూపించే ఇంకో అంకె డ్రా వెయిట్, అంటే నారిని పూర్తిగా వెనక్కి లాగడానికి కావలసిన బలం. 200 పౌన్లు అనగానే కొనేవాడి కళ్లు మెరుస్తాయి. పని అంటే బలాన్ని దూరంతో గుణించడం అని బళ్లో అందరూ బట్టీ పట్టినదే. బోర్డు మీద సూత్రం రాసి, నాలుగు లెక్కలు చేయించి వదిలేస్తారు. ఒక్క విల్లు తెచ్చి పిల్లల చేత లాగిస్తే, బలానికీ దూరానికీ గ్రాఫ్ గీయిస్తే, ఆ గ్రాఫ్ కింది వైశాల్యమే బాణానికి అందే శక్తి అని వాళ్లకి జన్మలో మర్చిపోలేనట్టు అర్థమవుతుంది.

ఆ గ్రాఫ్ మనమే గీద్దాం. రికర్వ్ రకం (చక్రాలు లేని, కొసలు ముందుకు వంగిన) క్రాస్‌బో ఒకటి, 200 పౌన్లది. అంటే 890 న్యూటన్లు. బాణాన్ని నెడుతూ నారి ముందుకు ప్రయాణించే దూరం 14 అంగుళాలు, అంటే 35.5 సెంటీమీటర్లు. బలం సున్నా దగ్గర మొదలై చివర్లో 890కి చేరుతుంది కాబట్టి గ్రాఫ్ దాదాపు త్రిభుజం. వైశాల్యం 158 జౌళ్లు. ఇప్పుడు చేత్తో లాగే మామూలు కాంపౌండ్ విల్లు తీసుకోండి. అది 60 పౌన్లే, 267 న్యూటన్లు. కానీ నారి 20 అంగుళాలు ప్రయాణిస్తుంది, పైగా చివర్లలో ఉండే కామ్ చక్రాలు బలాన్ని త్వరగా పైకి తెచ్చి చాలాదూరం అక్కడే నిలబెడతాయి. దాని గ్రాఫ్ త్రిభుజంలా కాక దీర్ఘచతురస్రానికి దగ్గరగా ఉంటుంది. నూరు జౌళ్ల పైచిలుకు వస్తుంది. చూశారా, బలం మూడింతలకు పైగా ఉన్నా శక్తి ఒకటిన్నర రెట్లే! క్రాస్‌బో చేతులు, అంటే రెండు పక్కలా వంగే బద్దలు, పొట్టివి. నారి పరుగు పొట్టిది. అంత బలం దానికి అవసరమైంది ఆ పొట్టిదనాన్ని భర్తీ చేసుకోవడానికే.

అందుకే రెండు క్రాస్‌బోల మధ్య తేల్చుకోలేకపోతే నారి ఎక్కువ దూరం పరిగెత్తేదాన్ని ఎంచుకోండి. చేతులను వెనక్కి తిప్పి బిగించే రివర్స్ డ్రా రకంలో ఈ పరుగు బాగా పెరుగుతుంది. అదే శక్తి తక్కువ డ్రా వెయిట్‌తో వస్తుంది, విల్లు మీద ఒత్తిడి తగ్గుతుంది, ఎక్కుపెట్టేటప్పుడు మీ నడుమూ బాగుంటుంది.

ఇక నాకు ఎప్పుడూ ఆసక్తి తగ్గని భాగానికి వద్దాం. విల్లులో దాగిన 158 జౌళ్లూ బాణానికి రావు. నారి కదలాలి, విల్లు చేతులు కదలాలి, వాటికీ వాటా పోతుంది. చింతగింజను బలమంతా పెట్టి విసరండి. చెయ్యి సర్రున తిరుగుతుంది, భుజం కలుక్కుమంటుంది, గింజ మాత్రం ఎంతో దూరం పోదు. అదే చేత్తో నిమ్మకాయంత రాయి విసిరితే వీధి దాటుతుంది. గింజ విషయంలో మీరు విసిరింది నిజానికి మీ చేతినే. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త పాల్ క్లాప్‌స్టెగ్ విల్లుకు ఈ లెక్క కట్టాడు. కదిలే భాగాలన్నిటి బదులు బాణానికి ఒక కల్పిత ద్రవ్యరాశి తగిలించినట్టు అనుకుంటే చాలన్నాడు. బాణాలు మార్చి కొట్టినా ఒక విల్లుకు ఆ విలువ దాదాపు మారదు.

మన ఉదాహరణ విల్లుకు దాన్ని 10 గ్రాములు అనుకుందాం. 26 గ్రాముల బాణం (వేటగాళ్ల లెక్కలో 400 గ్రెయిన్లు) పెడితే 158 జౌళ్లు 36 గ్రాములను కదిలించాలి. వేగం సెకనుకు 94 మీటర్లు. బాణం వాటాకు 114 జౌళ్లు వస్తాయి. ఇప్పుడు 39 గ్రాముల బాణం, అంటే 600 గ్రెయిన్లది పెట్టండి. వేగం 80 మీటర్లకు పడిపోతుంది. కానీ బాణం శక్తి 126 జౌళ్లకు పెరుగుతుంది! వేగం తగ్గింది, శక్తి పెరిగింది. విల్లు దగ్గర మిగిలిపోయి, దాన్నే అదరగొట్టి, చప్పుడుగా మారాల్సిన శక్తిలో కొంత బాణంతో పాటు వెళ్లింది. ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించినది, చూస్తే తేడా ఇంకా ఎక్కువ. 2.4 నుంచి 3.1కి, నాలుగో వంతుకు పైగా పెరిగింది.

లోతుకు దిగడానికి గతిశక్తి ముఖ్యమా, ద్రవ్యవేగం ముఖ్యమా అని వేటగాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు. జవాబు అడ్డుకునే పదార్థాన్ని బట్టి ఉంటుంది. వేగంతో సంబంధం లేకుండా ఒకే బలంతో అడ్డుకుంటే, ఉదాహరణకు చర్మం కర్రను పట్టేసినట్టు రాపిడి పెడితే, లోతు గతిశక్తిని అనుసరిస్తుంది. వేగం పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో ఎదురుబలం పెరిగితే లోతు ద్రవ్యవేగాన్ని అనుసరిస్తుంది. వేగం వర్గానికి తగ్గట్టు పెరిగితే, నీటిలోకి దూసుకెళ్లేటప్పుడు జరిగేది ఇదే, లోతును ప్రధానంగా ద్రవ్యరాశే నిర్ణయిస్తుంది, వేగం పాత్ర చాలా స్వల్పం, లాగరిథమ్ అంతే. జంతువు శరీరంలో ఈ మూడూ కలిసి ఉంటాయి. చర్మం, పక్కటెముక, తడి కండ, గాలి నిండిన ఊపిరితిత్తి. ఏది ఎంతో తేల్చనవసరం లేదు. మన బరువు బాణానికి గతిశక్తి పదో వంతు ఎక్కువ, ద్రవ్యవేగం నాలుగో వంతుకు పైగా ఎక్కువ, ద్రవ్యరాశి సగం ఎక్కువ. మూడు లెక్కల్లోనూ గెలిచేది అదే. 1980ల్లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో నిజమైన జంతువుల మీద బాణాల ప్రభావాన్ని పరిశీలించిన ఎడ్ ఆష్బీ కూడా బరువు బాణం వైపే మొగ్గాడు. బలమైన ఎముకను దాటాలంటే 650 గ్రెయిన్లు, అంటే సుమారు 42 గ్రాములు ఉండాలని ఆయన మాట.

మరి వేగం ఎందుకు పనికిరాదు? ఇక్కడ జింక చెవులు వస్తాయి. జంతువులకు కీడు ముందే తెలుస్తుందని మనవాళ్లంటారు. బాణం తగలకముందే ఇంపాలా కిందికి వంగిపోవడం చూసినవాళ్లు అది నిజమే అనుకుంటారు. అక్కడ జరిగేది మహిమ కాదు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది, బాణం అందులో నాలుగో వంతు. క్రాస్‌బో చప్పుడు ముందే అందుతుంది. ఆ క్షణంలో జంతువును దగ్గరగా గమనిస్తే అది పైకి ఎగరడంతో మొదలుపెట్టదు. ఎగరాలంటే ముందు కాళ్లు మడవాలి, కాళ్లు మడిస్తే ఒళ్లు కిందికి జారుతుంది. నాకు ఇందులో అద్భుతంగా అనిపించేది ఒకటుంది. ఎంత భయపడినా, ఎంత బలమున్నా, అది తనను తాను కిందికి నెట్టుకోలేదు. పైన ఆనుకోవడానికి ఏమీ లేదు. కాళ్లు వదిలేసి గురుత్వాకర్షణకు అప్పగించుకోవాల్సిందే. కాబట్టి అది ఎంత కిందికి జారగలదో గరిష్ఠ హద్దు మనం లెక్కగట్టవచ్చు.

చప్పుడు విని కదలడానికి దానికి సెకనులో పదో వంతు పడుతుందనుకుందాం. గాలి ఆపే ప్రభావాన్ని పక్కన పెడదాం. 30 మీటర్ల నుంచి తేలిక బాణం వేస్తే అది చేరేలోగా ఒళ్లు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు జారగలదు. బరువు బాణమైతే 17. ఇంపాలా ఊపిరితిత్తుల ఎత్తు జానెడుకు అటూఇటూ, 17 అంటే వాటి మధ్యకు గురిపెట్టిన బాణం పైనుంచి పోయినట్టే. ఇక్కడ వేగం గెలిచినట్టు కనిపిస్తుంది కదా? ఇప్పుడు 20 మీటర్లకు రండి. బరువు బాణానికే 4 సెంటీమీటర్లు. షాపులో చూసిన ఆ 400 అడుగుల వేగం, అంటే సెకనుకు 122 మీటర్లు, 40 మీటర్ల నుంచి కొడితే ఎంతో తెలుసా? ఆరు. పెట్టె మీది అంకె కోసం పెట్టే డబ్బు కంటే 20 మీటర్లు దగ్గరగా కూర్చోవడం ఎక్కువ పని చేస్తుంది. పైగా ఆ వేగం సాధారణంగా తేలికపాటి బాణంతో కొలిచినది, వేట బాణం పెడితే రాదు.

దక్షిణాఫ్రికాలో బాణంతో వేటాడే పద్ధతి కూడా దీనికి కుదురుతుంది. లింపోపో వైపు మే నుంచి సెప్టెంబరు దాకా, అంటే అక్కడి చలికాలంలో, వానలు దాదాపు ఉండవు, జంతువులు నీటిగుంటల దగ్గరకు రావాల్సిందే. గుంట పక్కన కట్టిన చిన్న గదిలో కూర్చుంటారు, దూరం తరచుగా 15 నుంచి 25 మీటర్లు. ఆ గది కిటికీ ఇరుకు. రికర్వ్ చేతులు బాగా వెడల్పు, వదిలినప్పుడు ముందుకు విచ్చుకుని కిటికీ చట్రానికి తగిలితే విల్లు విరుగుతుంది, గాయమూ అవుతుంది. కామ్ చక్రాలున్న సన్నటి కాంపౌండ్ క్రాస్‌బో ఇక్కడ సుఖం. కానీ నారి తెగితే కాంపౌండ్‌కి మార్చడానికి ప్రెస్ (విల్లు చేతులను నొక్కిపట్టే యంత్రం) కావాలి, రికర్వ్‌కి చిన్న సహాయక తాడుతో అక్కడికక్కడే కొత్త నారి వేసుకోవచ్చు. షాపు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. కిటికీ కొలత ముందే కనుక్కుని తేల్చుకోండి.

మీరు మొదటిసారి వెళ్తున్నారు, ఇంపాలా, వార్ట్‌హాగ్, బహుశా కుడూ. నా సలహా: నారి పరుగు పొడవుగా, చప్పుడు తక్కువగా ఉన్న మధ్యరకం విల్లు, 500 నుంచి 600 గ్రెయిన్ల బాణం, విచ్చుకునే రెక్కలు లేని స్థిరమైన మొన. విచ్చుకునే మొనలు తెరుచుకోవడానికే కొంత శక్తి ఖర్చు చేస్తాయి, పక్కటెముకకు ఏటవాలుగా తగిలితే జారే ప్రమాదమూ ఉంది. ఈలండ్‌ను మాత్రం ఈసారికి వదిలేయండి. తయారీదారు చెప్పిన కనీస బరువు కంటే తేలిక బాణం ఎప్పుడూ పెట్టొద్దు. బాణం లేకుండా వదిలితే శక్తి అంతా విల్లులోనే మిగిలి దాన్ని పగలగొడుతుంది, మరీ తేలిక బాణం దానికి సగం దారి.

గురి విషయంలో అమెరికన్ వీడియోలు చూసి వెళ్లొద్దు. ఆఫ్రికా జింకల గుండె, ఊపిరితిత్తులు ముంగాళ్ల మధ్యకు, ముందుకు ఉంటాయి. భుజం వెనక జానెడు వదిలి కొడితే పొట్టకు తగులుతుంది, ఆ జంతువు గంటల తరబడి నరకయాతన పడుతుంది. పూర్తిగా పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగి, ముంగాలు వెంబడి నిలువుగా పైకి చూసి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర గురి పెట్టండి. అలా నిలబడకపోతే ఆ రోజుకు బాణం వేయొద్దు.

చట్టం సంగతి ముందే చూసుకోండి. దక్షిణాఫ్రికాలో నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి, జంతువును బట్టి మారతాయి, ఫార్మ్ యజమానిని అడిగి పర్మిట్ కాగితం కళ్లతో చూడండి. పక్కనే ఉన్న నమీబియాలో విల్లు వేటకు అనుమతి ఉంది, క్రాస్‌బోకు లేదు. కెన్యాలో 1977 నుంచి వేటే నిషేధం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఈ లెక్కలేవీ ఇక్కడ ప్రయోగించేవి కావు. స్ప్రింగ్‌బక్‌కు దగ్గరి చుట్టమైన కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. రోళ్లపాడు వెళ్తే కెమెరాతో చూడండి, చిన్న చప్పుడుకు దాని ఒళ్లు మొదట కిందికే జారుతుందేమో గమనించండి.

ఇంకో జాగ్రత్త. ఎక్కుపెట్టిన క్రాస్‌బోను చాలా రకాల్లో చేత్తో మెల్లగా దించడం కుదరదు. సాయంత్రం దాకా ఏ జంతువూ రాకపోతే ఒక పాత బాణం పెట్టి మెత్తటి నేలలోకి వదిలి ఖాళీ చేయాలి. దానికోసం కోసే మొన బదులు మొద్దు మొన ఉన్న బాణం ఒకటి సంచిలో వేరుగా పెట్టుకోండి. వదిలేటప్పుడు ముందు చేతి బొటనవేలు నారి దారికి కిందే ఉండాలి.