గంజాయి వాడిన గతం, సెక్యూరిటీ క్లియరెన్స్: అమెరికా నిబంధనల నేపథ్యం

అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారంతో ముడిపడిన ఉద్యోగానికి ఎంపికైనవారు నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో 23వ విభాగం మాదకద్రవ్యాల గురించి అడుగుతుంది. గత ఏడేళ్లలో చట్టవిరుద్ధంగా ఏ మత్తుపదార్థమైనా వాడారా, వాడితే మొదటిసారి ఏ నెలలో, చివరిసారి ఏ నెలలో, సుమారు ఎన్నిసార్లు, ఇకముందు వాడే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అంటే క్లియరెన్స్, చేతిలో ఉండగా వాడి ఉంటే ఏడేళ్ల పరిమితి కూడా వర్తించదు.

ఈ విచారణకు మూలం 1953 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450వ ఉత్తర్వులో ఉంది. అనైతిక ప్రవర్తన, మితిమీరిన మద్యపానం, మాదకద్రవ్యాల వ్యసనం, ‘లైంగిక వక్రత’ అన్నవాటిని అది ఒకే వాక్యంలో చేర్చి, అలాంటివారిని ప్రభుత్వ కొలువుకు తగనివారిగా చూసింది. స్వలింగ సంపర్కులన్న కారణంతో ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నది ఈ వాక్యం వల్లే. మనిషి చేసిన పనికన్నా అతడు ఎలాంటివాడన్న ముద్రకే నాడు ఎక్కువ విలువ ఉండేది.

1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు అత్యంత కఠినమైన మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. 1986లో రీగన్ ఉత్తర్వు, పని వేళల్లోనే కాదు, ఆ తర్వాత కూడా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగి మత్తుపదార్థాలు ముట్టరాదని శాసించి, కీలక పదవుల్లో ఉన్నవారికి పరీక్షలు తప్పనిసరి చేసింది.

అసలైన మలుపు 1995లో క్లింటన్ ఇచ్చిన 12968వ ఉత్తర్వుతో వచ్చింది. లైంగిక ధోరణి కారణంగా వివక్ష చూపరాదని చెప్పిన ఆ ఉత్తర్వు ఆధారంగా అన్ని శాఖలకూ ఉమ్మడి మార్గదర్శకాలు రూపొందాయి. ఇప్పుడు అమల్లో ఉన్న 2017 నాటి రూపంలో ఈ మార్గదర్శకాలు 13, వాటిలో మాదకద్రవ్యాలకు సంబంధించినది ‘హెచ్’ అక్షరంతో ఉన్నది. ఎప్పుడు వాడారు, ఎంత తరచుగా వాడారు, ఆ పరిస్థితులు మళ్లీ వచ్చే అవకాశముందా, పాత సావాసాలు వదిలారా, ఇకపై వాడితే క్లియరెన్స్ రద్దుకు సమ్మతమేనని రాసి సంతకం చేస్తారా అన్నవన్నీ అధికారులు బేరీజు వేస్తారు. ఒక్క తప్పును పట్టుకుని కాక, మొత్తం మనిషిని చూసి నిర్ణయించాలన్న ఈ సూత్రం న్యాయమైనదని నా అభిప్రాయం. అయితే 2008లో వచ్చిన ‘బాండ్ సవరణ’ అనే చట్ట నిబంధన ఒక గట్టి గీత గీసింది: ప్రస్తుతం చట్టవిరుద్ధంగా వాడుతున్నవారికి, వ్యసనపరులకు క్లియరెన్స్ ఇవ్వనే కూడదు.

ఈలోగా రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. 1996లో కాలిఫోర్నియా వైద్యానికి, 2012లో కొలరాడో, వాషింగ్టన్ వినోదానికి కూడా గంజాయిని అనుమతించాయి. రాష్ట్ర చట్టాలు క్లియరెన్స్ నిబంధనలను మార్చవని 2014లో జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ క్లాపర్ స్పష్టం చేశారు. 2021 డిసెంబరులో అదే పదవిలో ఉన్న ఏవ్రిల్ హెయిన్స్, గతంలో గంజాయి వాడటం పరిశీలనాంశమే తప్ప అదొక్కటే ఫలితాన్ని తేల్చేయదని మార్గదర్శనం ఇచ్చారు. తన ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవారు గంజాయి మానేసి మూడేళ్లయి ఉండాలని కోరే ఎఫ్‌బీఐ ఆ గడువును ఏడాదికి తగ్గించింది కూడా 2021లోనే.

క్లియరెన్స్ సాధారణంగా పౌరులకే ఇస్తారు కనుక, అమెరికాలో పుట్టి పెరిగి ఇప్పుడు రక్షణ కాంట్రాక్టు సంస్థల్లో చేరుతున్న తెలుగువారి పిల్లలకు ఇది నేరుగా తగిలే విషయం. 21 ఏళ్లు నిండితే న్యూజెర్సీలో గంజాయిని దుకాణంలోనే కొనుక్కోవచ్చు. అలా కొని వాడినా ఫారంలో మాత్రం చట్టవిరుద్ధ వాడకంగానే రాయాలి. పరువు పోతుందని దాచమని సలహా ఇచ్చే పెద్దలు పిల్లలకు మేలు చేయడం లేదు. 23వ విభాగంలో నిజం చెబితే ఆ జవాబును తర్వాతి క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఫారమే హామీ ఇస్తుంది. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమవుతుంది.

గంజాయిని నియంత్రణ తక్కువగా ఉండే మూడో షెడ్యూల్‌కు మార్చాలని 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదించింది. అయితే మూడో షెడ్యూల్‌లోని మందునైనా డాక్టరు చీటీ లేకుండా దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరమే.