మొగ ఎందుకు పూడిపోతోంది?

ఎండాకాలంలో కళింగపట్నం దగ్గర వంశధార మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే నోటిలోంచి, తెప్ప దాటించడం టెన్షన్‌తో కూడిన పని. నురగ గీత దగ్గరికి రాగానే ఇంజను తగ్గించి, వెదురు గెడతో అడుగు తడిమి చూడాలి. గెడ మోకాలి లోతులోనే ఇసుకకు తగిలితే పోటు ఎక్కేదాకా ఆగాల్సిందే. ఈలోపు చేప మెత్తబడుతుంది, ధర పడిపోతుంది.

ఇసుక బెడద పాతదే. నైరుతి గాలుల కాలంలో అలలు ఏటవాలుగా వచ్చి తీరాన్ని తాకుతాయి, ఇసుకను ఉత్తరానికి నెట్టుకుపోతాయి. ఈశాన్య గాలులకు కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది లెక్కలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1933లో మొదలైన విశాఖ రేవు నోటి దగ్గర ఈ ఇసుకను ఆపడానికి రెండు పాత ఓడలనే ముంచి అడ్డుకట్టగా వాడారు.

మొగను మూసేది తీరం వెంట నడిచే ఈ ఇసుకే. తెరిచి ఉంచేది పోటుకు లోపలికెక్కి పాటుకు బయటికి దూకే నీరు. ఎంత నీరు వచ్చిపోతే మొగ అంత వెడల్పుగా, లోతుగా నిలుస్తుందని అమెరికా ఇంజనీరు ఓబ్రయన్ 1931లోనే లెక్కగట్టాడు. 1960లో బ్రూన్, గెరిట్సెన్ అనే ఇంజనీర్లు మొదలుపెట్టి, తర్వాత బ్రూన్ సవరించిన కొలత మరొకటి ఉంది. ఒక పెద్ద పోటుకు లోపలికొచ్చే నీరు, ఆ తీరాన ఏడాదికి కదిలే ఇసుకకు 150 రెట్లు దాటితే దారి బాగుంటుంది. 20 రెట్లలోపైతే పడవలకు గండమే.

మన తీరంలో పోటు చిన్నది. అమావాస్యకీ పున్నమికీ కూడా నీరు సుమారు ఒకటిన్నర మీటర్లే లేస్తుంది. అందుకే ఇక్కడి మొగలకు అసలు బలం ఏటి వరద. ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు నడిచొచ్చే వంశధారకు హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ కట్టాం. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట, తోటపల్లి బ్యారేజీ ఉన్నాయి. వాటి కింద పండే చేలను కాదనలేం. కానీ వానాకాలం దాటాక మొగ దాకా చేరే నీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అదే నా బాధ. ఉప్పుటేరు పక్క నీరు నిలిచే పల్లపు తంపర నేలకు గట్టు వేసిన ప్రతిచోటా పోటు నీరు పరుచుకునే జాగా కూడా తగ్గుతుంది.

ఈ బలం తగ్గించేసి, పూడినప్పుడల్లా పొక్లెయిన్‌తో తవ్వితే మొగ నిలవదు. తవ్విన కాలవను అలలు మళ్లీ పూడ్చేస్తాయి.

2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు భావనపాడు మొగకు దగ్గరలోనే వస్తోంది. రేవుకు సముద్రంలోకి గోడలు కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఆగిన ఇసుకను ఏటా అవతలికి ఎవరు దాటిస్తారో, ఆ ఖర్చు ఎవరిదో ఉత్తరం వైపు ఊళ్లవాళ్లకి ఇప్పుడే కాగితం మీద చెప్పాలి.