రెండు ఇంజిన్లు, ఒకే రేటింగ్: తిరకాసు ఎక్కడొచ్చింది?

1929 సెప్టెంబరు 24, న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్. అమెరికా సైనిక పైలట్ జిమ్మీ డూలిటిల్ కూర్చున్న కాక్‌పిట్‌ను పూర్తిగా కప్పేశారు. బయట ఏమీ కనబడదు. ఎదురుగా ఉన్న మీటర్లనే నమ్ముకుని ఆయన విమానాన్ని లేపాడు, తిప్పాడు, దించాడు. ముందు సీట్లో తోడుగా ఉన్న బెన్ కెల్సీ, తాను కంట్రోల్స్ ముట్టుకోవడం లేదని కిందివాళ్లకు తెలిసేలా చేతులు బయటికి కనిపించేట్టు పెట్టుకున్నాడు.

అలా మొదలైన ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌కు, అంటే మీటర్లనే చూసి నడపడానికి, అమెరికాలో తర్వాత రేటింగ్ (పైలట్ సర్టిఫికెట్ మీద రాసిచ్చే అదనపు అర్హత) వచ్చింది. విమానాలన్నిటికీ అదొక్కటే. సింగిల్ ఇంజిన్‌కు వేరు, మల్టీ ఇంజిన్‌కు వేరు అని లేదు. ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ మీద కూడా 'ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్‌ప్లేన్' అనే ఉంటుంది. కానీ ఇన్‌స్ట్రక్టర్లకు వర్తించే 61.195(సి) అనే అమెరికా విమానయాన నిబంధన అప్పట్లో, నేర్పే విమానం కేటగిరీకీ (ఎయిర్‌ప్లేన్, హెలికాప్టర్ లాంటి రకం) క్లాసుకీ (సింగిల్ ఇంజినా, మల్టీ ఇంజినా) తగిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండాలని చెప్పేది. క్లాసు ఊసే లేని రేటింగ్ క్లాసుకు తగినట్టు ఎలా ఉంటుంది? రాసినవాళ్లకే తెలియాలి! పైలట్ సర్టిఫికెట్‌లో మల్టీ ఇంజిన్ ఉంది కదా, చాలదా అన్న వాదన అక్కడ పుట్టింది. చాలదు, క్లాసు కూడా ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ మీదే ఉండాలని 2010లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ న్యాయ విభాగం తేల్చింది.

2018లో నిబంధనను తిరగరాశారు. విద్యార్థికి ఆ క్లాసు రేటింగ్ ముందే ఉంటే, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మాత్రమే ఉన్న ఇన్‌స్ట్రక్టర్ కూడా సింగిల్ ఇంజిన్‌లో నేర్పొచ్చు. మల్టీ ఇంజిన్‌కు మాత్రం ఆ సడలింపు ఇవ్వలేదు.

నాకైతే అది సబబే అనిపిస్తుంది. రెండు ఇంజిన్లలో ఒకటి ఆగితే శక్తి సగమే పోతుంది గానీ, పైకెక్కే సామర్థ్యం 80 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోతుంది. విమానం చచ్చిన ఇంజిన్ వైపు లాగేస్తుంది. స్పీడ్ మీటర్ మీద తక్కువ వేగం వైపున్న ఎర్రగీత కిందికి వేగం పడితే, ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్ ఎంత తొక్కినా ముక్కు నిలవకపోవచ్చు. మబ్బులో, ఒక ఇంజిన్‌తో దిగడానికి అప్రోచ్ చేస్తూ విద్యార్థి తప్పు వైపు పెడల్ తొక్కాడనుకోండి, పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ కెల్సీలా చేతులు బయట పెట్టుకుని కూర్చోలేడు. పైగా మల్టీ ఇంజిన్‌లో రేటింగ్ కోసం శిక్షణ ఇవ్వాలంటే, ఇన్‌స్ట్రక్టర్ అదే మేక్, మోడల్ విమానంలో పైలట్-ఇన్-కమాండ్‌గా (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా) 5 గంటలు నడిపి ఉండాలి.

అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్లుగా చేరి గంటలు పెంచుకునే మన కుర్రాళ్లు సీఎఫ్‌ఐ (ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్), సీఎఫ్‌ఐఐ (ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్) అయ్యాక కూడా ఎంఈఐ (మల్టీ ఇంజిన్ ఇన్‌స్ట్రక్టర్) కోసం మరో చెక్‌రైడ్‌కు, అంటే ఎగిరి చూపించే పరీక్షకు, డబ్బు కట్టేది ఇందుకే.