చర్మం దారిన వచ్చే ఊరట

ఆఫీసులో మాట పడి, ట్రాఫిక్‌లో గంటకు పైగా ఇరుక్కుని, ఇల్లు చేరిన మనిషికి ‘అదంతా మరిచిపో’ అని చెప్పడం తేలికే గాని, గొడవ ముగిసిన సంగతి మనసుకు తెలిసినంత త్వరగా శరీరానికి తెలియదు. గుండె దడను రేపిన అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది. దాని వెనుక వచ్చే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ మాత్రం సగానికి తగ్గడానికే సుమారు గంట నుంచి గంటన్నర పడుతుంది. తెల్లవారుజామున పెరిగి, పొద్దు గడిచేకొద్దీ తగ్గుతూ, అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు చేరవలసిన ఈ హార్మోన్‌ను సాయంత్రం పడిన చీవాట్లు మళ్ళీ పైకి లేపుతాయి. అలసట ఎంత ఉన్నా కన్ను మూతపడకపోవడానికి ఇదొక కారణం.

ఇలాంటి రోజున చాలామంది మొదట ఆశ్రయించేది నాలుకనే. మిరపకాయ బజ్జీలో, ఐస్‌క్రీమో తింటే గాని మనసు కుదుటపడదని గట్టిగా నమ్ముతాం. ఈ నమ్మకాన్ని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ట్రేసీ మాన్ బృందం పరీక్షకు పెట్టి, 2014లో ఫలితాలు ప్రకటించింది. బాధ కలిగించే సినిమా దృశ్యాలు చూపించాక కొందరికి వాళ్ళు ఊరటగా భావించే తిండిని, కొందరికి వేరే తిండిని ఇచ్చి, మరికొందరికి ఏమీ పెట్టకుండా వదిలేస్తే, కాసేపటికి అందరి మనసూ ఇంచుమించు ఒకే మేరకు తేరుకుంది. కాలం చేసిన పనికి బజ్జీ పేరు కొట్టేస్తోందన్నమాట. ఆకలి తీరడం వేరే సంగతి, దాన్ని ఎవరూ కాదనరు.

తిండికి దక్కుతున్న పేరులో కొంత భాగం నిజానికి వేణ్ణీళ్ళ స్నానానికి దక్కాలని నా అభిప్రాయం. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గాలి, ఆ వేడి బయటికి పోవడానికి ముఖ్యమైన ద్వారాలు అరచేతులు, అరికాళ్ళు. మనసు ఆందోళనగా ఉన్నప్పుడు అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి. బిగుసుకున్న రోజున కాళ్ళూ చేతులూ చల్లబడేది అందుకే. చెంబుతో వేణ్ణీళ్ళు పోసుకున్నప్పుడు ఆ నాళాలు విచ్చుకుని, వెచ్చటి రక్తం చర్మం దాకా వస్తుంది. ఒళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాక ఆ వేడి గాలిలో కలిసిపోతూ ఉంటే లోపలి ఉష్ణోగ్రత దిగుతుంది. వేడినీళ్ళు చివరికి చేసే పని చల్లబరచడమే. పాదాల్లో, చేతుల్లో రక్తనాళాలు ఎంత విచ్చుకుంటే నిద్ర అంత త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో చూపించారు. టెక్సస్ విశ్వవిద్యాలయం 2019లో పాత అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల సెల్సియస్ నీటితో 10 నిమిషాలు స్నానం చేసినా చాలునని, నిద్ర సగటున దాదాపు 10 నిమిషాలు ముందుగా పడుతుందని తేలింది. మే నెల ఉక్కలో, గాలి ఒంటి వేడిని తీసుకుపోలేని రాత్రుల్లో, ఈ ఉపాయానికి ఫ్యాను సాయం కావాలి.

చర్మానికి ఊరటనిచ్చే మరో దారి స్పర్శ. వెంట్రుకలున్న చర్మంలో సి-టాక్టైల్ అనే సన్నని నరాలు ఉంటాయి. మామూలు స్పర్శ వార్తను మోసే మందపాటి నరాలు సెకనుకు పదుల మీటర్ల వేగంతో పరుగెడితే, ఇవి సెకనుకు మీటరు చొప్పున నింపాదిగా నడుస్తాయి. మందపాటి నరాలు పూర్తిగా దెబ్బతిన్న ఒక మహిళ ముంజేతిపై స్వీడన్ పరిశోధకులు మెత్తటి కుంచెతో నిమిరినప్పుడు, మామూలు స్పర్శ ఏదీ తెలియకపోయినా, లీలగా ఏదో హాయి అనిపించిందని ఆమె చెప్పింది. స్పర్శను గుర్తించే మెదడు భాగం ఉలకలేదు, భావాలతో ముడిపడిన ఇన్సులా అనే మరో భాగం మాత్రం స్పందించింది. 2002లో వెలువడిన ఈ ఫలితంతో, తాకిన విషయాన్ని తెలిపే నరాలు వేరు, ఆ తాకిడిలోని హాయిని మోసే నరాలు వేరు అన్న అభిప్రాయం బలపడింది.

ఈ సన్నని నరాలు అన్ని తాకిళ్ళకూ ఒకేలా పలకవు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, చర్మపు వెచ్చదనానికి దగ్గరగా, అంటే సుమారు 32 డిగ్రీల వద్ద, నిమిరినప్పుడే ఎక్కువగా స్పందిస్తాయి. గబగబా రుద్దితే వాటి స్పందన తగ్గిపోతుంది. ఈ లెక్కలేవీ తెలియని తల్లిదండ్రులను తమ పసిబిడ్డను నిమరమని అడిగితే, వాళ్ళ చెయ్యి దానంతట అదే ఈ వేగానికి వచ్చిందని, కృత్రిమమైన చేతిని నిమరమన్నప్పుడు మాత్రం అంతకంటే వేగంగా కదిలిందని మరో ప్రయోగంలో గమనించారు.