గిటార్ గుచ్చుకుంటోందన్న బుజ్జికి

హైదరాబాద్,
ఏప్రిల్ రెండో వారం.

బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం బుజ్జి తన వేలు చూపించి, "తాతయ్యా, సంక్రాంతికి నున్నగా ఉన్న గిటార్ ఇప్పుడెందుకు గుచ్చుకుంటోంది? ఫ్రెట్లు పెరుగుతాయా?" అని అడిగింది. మీ నాన్న నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు, మంచి ప్రశ్న అది. ఫోన్‌లో చెబితే సగం విని పరిగెత్తుతారని కాగితం మీద పెడుతున్నాను.

ఫ్రెట్లు, అంటే గిటార్ మెడకి అడ్డంగా ఉండే ఆ లోహపు కమ్మీలు, పెరగలేదమ్మా, వాటి కింద చెక్క తగ్గింది. ఎండిపోయి అడ్డంగా కుంచించుకుపోయింది. లోహం మాత్రం ఎప్పటంతే ఉంది కాబట్టి దాని కొసలు బయటికి వచ్చి వేలికి తగులుతున్నాయి.

నానమ్మ అప్పడాలు ఆరబెట్టడం చూశారుగా. నీడపట్టున నెమ్మదిగా ఆరితే పలకలా ఉంటాయి. అదే ఏప్రిల్ ఎండలో మేడ మీద పరిచేస్తే గంటలో అంచులు లేచి, వంకర్లు తిరిగి, పగుళ్లిస్తాయి. గిటార్ ముందు పలక కూడా అలాంటి అప్పడమే. స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు చెక్క, మందం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అప్పడానికైతే వంకర తిరిగే స్వేచ్ఛ ఉంది. దీన్ని చుట్టూ జిగురు పెట్టి అతికించేశారు, ఎటూ కదల్లేదు. ముందు కాస్త లోపలికి కుంగుతుంది, తీగలు ఫ్రెట్లకి తగిలి జుయ్యిమంటాయి. అప్పటికీ పట్టించుకోకపోతే చెక్క చార వెంబడే చీలిపోతుంది. వానాకాలంలో దీనికి తిరగబడి జరుగుతుంది. మూత సరిగా పెట్టని డబ్బాలో అప్పడాలు మెత్తబడ్డట్టు పలక తేమ తాగి ఉబ్బుతుంది, తీగలు ఎత్తు లేచి నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి. పోలిక ఇక ఆపుతాను. మెత్తబడ్డ అప్పడాన్ని వేయించుకుని తినేయొచ్చు, గిటార్‌ని ఏం చేస్తాం?

గిటార్ సుఖంగా ఉండాలంటే గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. మన ఊళ్లో ఈ రోజుల్లో మధ్యాహ్నం 30 దగ్గరికి దిగిపోతుంది, ఒక్కోరోజు ఇంకా కిందికి. వేడి గాలికి దాహం ఎక్కువ, ఆ ఒక్కటీ గుర్తుంటే చాలు. రాత్రంతా ఏసీ వేసుకుంటారు కదా, దాని పైపు కింద బకెట్ పెట్టి చూడండి. అందులో పడే నీళ్లు మీ గది గాలిలోవే. పొద్దున ఏసీ ఆపాక గది వేడెక్కుతుంది, దాహమేసిన ఆ గాలి తడి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటుంది. గోడకి వేలాడే గిటార్ దానికి మొదట దొరుకుతుంది.

నా చిన్నప్పుడు నల్లకుంటలో మా ఇంట్లో కూలర్ కూడా లేదు. కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టేవాళ్లు. గంటకోసారి వాటి మీద చెంబుతో నీళ్లు చల్లడం నా డ్యూటీ. వేడిగాలి ఆ తడి వేళ్లలోంచి దూరి వచ్చేసరికి చల్లబడి, మట్టివాసన వేసేది. ఆ వాసన ఇప్పటికీ ఏ అత్తరులోనూ దొరకలేదు నాకు. ఒకరోజు గోళీలాటలో పడి చల్లడం మరిచాను. చెమటకి నిద్రలేచిన మా నాన్న నన్ను వీధిలోంచే చెవి పట్టుకుని తీసుకొచ్చాడు. వారం వారం ఆ తడికల్ని విప్పి, కడిగి, ఎండలో వేసేది మా అమ్మ. లేకపోతే బూజు వాసన.

మీ గదికి ఇప్పుడు కావలసింది గాలికి తేమ ఇచ్చే మిషన్, దాన్నే హ్యుమిడిఫయర్ అంటారు. కొత్తదేమీ కాదు, కరెంటు తగిలించిన వట్టివేళ్ల తడిక. రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. ఒకదాంట్లో తడి ఒత్తిలోంచి ఫ్యాన్ గాలి వస్తుంది. రెండోది నీటిని పొగమంచులా చిమ్ముతుంది. రెండోదాంట్లో బోరు నీళ్లు పోశారో, కుళాయిల మీద పేరుకునే తెల్లటి సున్నమే పొడిలా గదంతా, గిటార్ మీద కూడా, రాలుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయాలి, లేదంటే ఆర్వో నీళ్లు. ఏసీ బకెట్‌లోవి పోద్దామని చిన్నాకి ఆలోచన వచ్చే ఉంటుంది. వద్దు నాన్నా, అందులో పైపు మురికంతా ఉంటుంది.

మీ నాన్న కొనేటప్పుడు రంగురంగుల లైట్లు వెలిగే బుల్లివి వద్దనండి, అవి టేబుల్‌కి కూడా చాలవు. మీ గది కొలతకి సరిపడాలి, తేమ 50 శాతం రాగానే తనంతట తాను ఆగాలి. అన్నిటికన్నా ముందు, ట్యాంకులోకి చెయ్యి దూరాలి. చెయ్యి దూరనిదాన్ని కడగలేం, కడగనిదాంట్లో పాచి పడుతుంది, ఆ పాచినే మీరు పీలుస్తారు. రోజూ మిగిలిన నీళ్లు పారబోసి తుడవడం బుజ్జి పని. వారానికోసారి వెనిగర్‌తో అరగంట నానబెట్టి, సున్నం వదిలాక బాగా కడగడం చిన్నా పని. నేను గోళీల కోసం మరిచినట్టు మీరు ఫోన్ కోసం మరవకండి.

మిషన్ చిమ్మే పొగమంచు నేరుగా గిటార్‌కి తగలకూడదు, దాన్ని దూరంగా పెట్టి గది తలుపు మూసుకోండి. ఎండిన గిటార్‌ని ఒక్కరోజులో తడిపేద్దామనుకోకండి, కొన్ని వారాలు పడుతుంది. గుచ్చుకునే కొసలు అప్పటికీ తగ్గకపోతే రిపేర్ చేసే ఆయన దగ్గరికెళ్లి అరగదీయిద్దాం. జూన్‌లో వానలు పడ్డాక మిషన్ కట్టేసి, గిటార్‌ని కేసులో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

గిటార్ పక్కన పెట్టుకోవడానికి తేమ చూపించే మీటర్ ఒకటి పంపుతున్నాను. అది నిజం చెబుతోందో లేదో ఈ రాత్రికే తేల్చుకోండి. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేవరకే నీటి చుక్కలు వేయండి. మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. పొద్దునకి 75 చూపించాలి. వేసవైనా చలికాలమైనా తడి ఉప్పు దగ్గర అదే అంకె. ఎందుకని అడిగితే నాలుగు మాటలు చెప్పగలను గానీ, ఇన్నేళ్లయినా ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. 70 చూపిస్తే ఇకమీదట ప్రతిసారీ ఐదు కలుపుకోండి.

పళ్లు తోముకోకముందే చూసి, ఎంత వచ్చిందో నాకు ఫోన్ చెయ్యండి.

తాతయ్య