గద్దగా మారే ఆవిడ గురించి అడిగారు కదా

చిరంజీవులు అమ్ములుకీ, చింటూకీ,

తాత దీవెనలు. ఇక్కడ నేనూ మీ అవ్వా బాగానే ఉన్నాం. కాలువకు నీళ్లొదిలారు. ఊరి చుట్టూ నారుమళ్లు పచ్చగా లేచాయి.

మీరిద్దరూ పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ‘ములాన్’ సినిమా చూశారట. అందులో గద్దగా మారి ఎగిరే మంత్రగత్తె ఎవరని అమ్ములు అడిగింది. ఆవిడ ఇంగ్లీషు సినిమాల ఆవిడా, చైనా సినిమాల ఆవిడా అని చింటూ అడిగాడు. ఆ వెంటనే వాడే ఇంకో మాట కూడా అన్నాడు: “చైనా సినిమాలంటే మనకు ఫైటింగులే తెలుసు కదా తాతా, ఫైటింగులు చేయని ఆవిడకు ప్రపంచమంతా పేరెలా వచ్చింది?” దీనికి ఫోన్లో జవాబు చెబితే సగం మింగేస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఆవిడ పేరు గోంగ్ లీ. చైనావాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. గోంగ్ అనేది ఇంటిపేరు. 1965 డిసెంబరు 31న షెన్‌యాంగ్ నగరంలో పుట్టింది, పెరిగింది షాన్‌డాంగ్ ప్రావిన్సులోని జినాన్‌లో. నాన్న కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడు. ఐదుగురు పిల్లల్లో ఈమే చివరిది. ఇంట్లో సినిమావాళ్లెవరూ లేరు. ఈ పిల్లకు మాత్రం పాటన్నా ఆటన్నా ప్రాణం. స్కూలు అయిపోయాక కళల కాలేజీల్లో చేరాలని పరీక్షలు రాసింది. సీటు రాలేదు. మరుసటి ఏడాది మళ్లీ రాసింది, మళ్లీ రాలేదు. 1985లో బీజింగ్‌లోని సెంట్రల్ అకాడమీ ఆఫ్ డ్రామాలో సీటొచ్చింది. చైనాలో నటన నేర్పే చోట్లలో అది చాలా పెద్దది. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయని చింటూ అన్నం తినకుండా పడుకున్నాడని మీ అమ్మ చెప్పింది. అలా చేయకు నాన్నా. అన్నం తిని, మళ్లీ చదువు.

ఇక పేరెలా వచ్చిందన్న సంగతి. మీరు ఎండాకాలం సెలవుల్లోనే వస్తారు కాబట్టి నారుమడిని సరిగా చూడలేదు. వడ్లు నానబోసి, గోనెసంచిలో మండెకట్టి, మొలక వచ్చాక ఒక చిన్న మడిలో ఒత్తుగా చల్లుతాం. అరచేతి మందాన పచ్చటి దుప్పటి పరిచినట్టు లేస్తుంది. పాతిక రోజులు అటూ ఇటూ కాగానే ఆ నారు పీకి, వేళ్ల బురద నీళ్లలో జాడించి, కట్టలు కట్టి పెద్ద మడిలోకి మోసుకుపోతారు. నారు ఎంత బాగున్నా పెద్ద మడి దమ్ము చేసి సిద్ధంగా ఉండకపోతే కట్టలు గట్టున ఎండిపోతాయి. గోంగ్ లీ అనే నారు ఎదిగే వేళకు చైనా సినిమా అనే మడి దమ్మై ఉంది. అది ఆమె భాగ్యం.

ఆ మడి దమ్ము కావడానికి చాలా కష్టం పట్టింది. 1966 నుంచి పదేళ్లపాటు చైనాలో సాంస్కృతిక విప్లవం పేరుతో పెద్ద అల్లకల్లోలం జరిగింది. కాలేజీలు మూతపడ్డాయి. చదువుకోవాల్సిన పిల్లల్ని పల్లెలకు, ఫ్యాక్టరీలకు పంపేశారు. జాంగ్ యీమౌ అనే కుర్రాడు అలాగే పొలం పని చేశాడు, తర్వాత ఒక నూలు మిల్లులో పనిచేశాడు. 1978లో బీజింగ్ ఫిలిం అకాడమీ మళ్లీ తెరిచినప్పుడు వయసు దాటిపోయినా పట్టుబట్టి సీటు తెచ్చుకున్నాడు. ఆ బ్యాచ్‌లో చదివినవాళ్లలో చాలామంది పల్లెనూ ఆకలినీ కళ్లారా చూసినవాళ్లు. తాము చూసిన బతుకునే తీద్దామనుకున్నారు. జాంగ్ యీమౌ తన మొదటి సినిమాకు హీరోయిన్ని వెతుకుతూ వచ్చి, ఇంకా కాలేజీలోనే ఉన్న గోంగ్ లీని చూశాడు.

ఆ సినిమా పేరు ‘రెడ్ సోర్ఘమ్’, అంటే ఎర్రజొన్న. మో యాన్ అనే ఆయన రాసిన కథ. ఆయనకు 2012లో నోబెల్ వచ్చింది. ఆయన సొంత ప్రాంతం గావోమీ, గోంగ్ లీ పెరిగిన షాన్‌డాంగ్‌లోనే ఉంది. సినిమా తీయడానికి అక్కడికి వెళ్తే ఎత్తయిన జొన్న చేలు లేవు, సినిమా కోసమే రైతులతో జొన్న వేయించారు. గోంగ్ లీ పట్నం పిల్ల. పల్లెటూరి పెళ్లికూతురి నడక రావడానికి కావడి భుజాన వేసుకుని నీళ్ల బకెట్లు మోస్తూ తిరిగేది.

నేను ఆ సినిమాను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఫిలిం సొసైటీ వాళ్లు వేస్తే చూశాను. తెర మీద జొన్న చేను ఊగుతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. మా చిన్నప్పుడు నల్లరేగడిలో జొన్న మనిషి మీద మనిషి నిలబడినంత ఎత్తు పెరిగేది. కంకి పాలు పట్టగానే పిట్టల కాపలాకు మమ్మల్ని మంచె ఎక్కించేవాళ్లు. వడిసెలలో మట్టిబెడ్డ పెట్టి గిర్రున తిప్పి వదిలితే చేను అవతల కొసన పడేది, చిలకలు ఒక్కసారిగా లేచేవి. పొద్దువాలితే పాలకంకులు నిప్పుల మీద వేసి, చేతుల్లో నలిపి, ఊదుకుని తినేవాళ్లం. గాలి వచ్చినప్పుడు చేను చేసే చప్పుడు వానలా ఉంటుంది. వానేమో అనుకుని మంచె మీద నుంచి దూకి పరిగెత్తిన సాయంత్రాలు కూడా ఉన్నాయి. మనం జొన్నతో రొట్టె కొడతాం, వాళ్లు సారా కాస్తారు. ఆ చప్పుడు మాత్రం ఒకటే. ఆ సినిమాలో గోంగ్ లీ పెళ్లికూతురై ఎర్రటి పల్లకిలో కూర్చుంటే బోయీలు ఆట పట్టించడానికి పల్లకిని ఎగరేస్తూ పాడుతుంటారు. లోపల ఆమె పళ్లు బిగపట్టి కూర్చుంటుంది. ఉన్నట్టుండి లోపల్నుంచి వెక్కిళ్లు వినిపిస్తాయి, పాట ఆగిపోతుంది. ఆ పిల్లకు అదే మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు.

1988లో ఆ సినిమాకు బెర్లిన్ చిత్రోత్సవంలో అన్నిటికన్నా పెద్ద బహుమతి, బంగారు ఎలుగుబంటి వచ్చింది. అంతకుముందు ఏ చైనా సినిమాకూ అది రాలేదు. 1990లో ‘జూ డౌ’ వచ్చింది, అద్దకం పనివాళ్ల ఇంటి కథ. విదేశీ సినిమాల విభాగంలో ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి చైనా సినిమా అదే. ఆ తర్వాతి ఏడాది ‘రైజ్ ద రెడ్ లాంటర్న్’. ఇవన్నీ పెద్దవాళ్ల కథలు, మీరు కాలేజీకి వెళ్లాక చూడండి, తొందరేం లేదు.

మీరు ఇప్పుడే చూడగలిగింది ఒకటుంది. 1992లో వచ్చిన ‘ద స్టోరీ ఆఫ్ చ్యూ జు’. షాన్‌షీ కొండల్లో ఒక పల్లె. చ్యూ జు నిండు గర్భిణి. ఊరిపెద్ద ఆమె మొగుణ్ని కాలితో తన్నాడు. మొగుడిదీ కొంచెం తప్పుంది, ఊరిపెద్దకు అందరూ ఆడపిల్లలేనని ఎగతాళి చేశాడు. చ్యూ జు డబ్బు అడగదు. తప్పయిందని ఊరిపెద్ద నోటితో చెప్పాలంటుంది, అంతే. అధికారి రాజీ చేసి పరిహారం ఇప్పిస్తే, ఊరిపెద్ద ఆ నోట్లు ఆమె చేతికివ్వకుండా నేల మీద విసిరేస్తాడు. ఏరుకోవాలంటే ఆయన ముందు వంగాల్సిందే. ఆమె వంగదు. నోట్లు గాలికి కదులుతుంటాయి, ఆమె అలాగే నిలబడి చూస్తుంది. తర్వాత ఎండుమిరపకాయలు బండికెత్తి, అమ్ముకుని, ఆ డబ్బుతో ఆడపడుచును వెంటేసుకుని ఒక ఆఫీసు తర్వాత ఇంకో ఆఫీసుకు తిరుగుతుంది. గుంటూరు మిరప యార్డు చూసిన వాళ్లకు ఆ ఎరుపు చూడగానే ముక్కు ఘాటెక్కుతుంది.

ఈ సినిమాలో చాలామంది నటులు కారు, ఆ ఊళ్ల మనుషులే. వీధుల్లో, సంతల్లో కెమెరాను దాచిపెట్టి తీశారు. గోంగ్ లీ అప్పటికే పెద్ద తార. ఆమె ఆ ప్రాంతపు యాస నేర్చుకుంది, మందపాటి దూది కోటు తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని, కడుపు బరువుకు కాళ్లు కాస్త ఎడంగా వేసి నడిచింది. ఎక్కడ కెమెరా ఉందో తెలియని జనం ఆమెను పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోయారు. అందగత్తె అని దేశమంతా చెప్పుకునే మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా పోవడం అంటే అది మాటలా! వెనిస్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు అక్కడి పెద్ద బహుమతి బంగారు సింహం, గోంగ్ లీకి ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు. 1993లో చెన్ కైగ తీసిన ‘ఫేర్‌వెల్ మై కాన్‌క్యుబైన్’కు ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో అక్కడి అతి పెద్ద బహుమతి, బంగారు తాటిమట్ట దక్కింది. బెర్లిన్, వెనిస్, కాన్. 1988 నుంచి 1993 లోపు మూడు చోట్లా పెద్ద బహుమతి పొందిన సినిమాల్లో ఈమె ఉంది. సినిమా తీసేవాళ్లెవరికైనా ఒక్కటి వస్తే చాలు, జన్మంతా చెప్పుకుంటారు.

చింటూ, నీ ప్రశ్నకు జవాబు నాకైతే ఇక్కడే ఉందనిపిస్తుంది. పేరు కోసం ఆమె దూరదేశాలు వెతుక్కుంటూ పోలేదు. మొదట తన నేలలో, జొన్నలో, మిరపలో, ఆ యాసలో వేళ్లు దింపింది. పెద్ద మడిలో నాటే ముందు నారు నారుమడి బురదను ఒత్తుగా పట్టుకుని ఉండాలి. లేత నారు పీకితే తెగిపోతుంది, ముదిరితే పిలకలు పెట్టదు.

పెద్ద మడికి మార్చాక ఏమవుతుందో కూడా చెప్పాలి. నాటిన కొన్నాళ్లు నారు వాలిపోతుంది, ఆకు పసుపెక్కుతుంది. ఎవరైనా చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటారు. తర్వాత మూన తిరుగుతుంది, పచ్చబడుతుంది. గోంగ్ లీ నలభై దగ్గరపడుతుండగా హాలీవుడ్ మడిలోకి వెళ్లింది. 2005లో ‘మెమోయర్స్ ఆఫ్ ఎ గీషా’లో జపాన్ అమ్మాయిగా వేసింది. జపాన్ వాళ్ల వేషం చైనా నటీమణులు వేశారని రెండు దేశాల్లోనూ గొడవ జరిగింది, చైనాలో ఆ సినిమా విడుదల కానివ్వలేదు. 2006లో ‘మయామి వైస్’. తనది కాని ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చింది. నాకు ఆ సినిమాల్లో ఆమె కాస్త వాడినట్టే కనిపిస్తుంది. కళ్లు మాత్రం అవే కళ్లు. ఒక్కో చోట మాట ఆగిపోయి కెమెరా ఆ కళ్ల మీద నిలిచినప్పుడు సినిమా బతుకుతుంది. ఈ మధ్యలోనే చిత్రోత్సవాల్లో న్యాయనిర్ణేతగా కూడా కూర్చుంది. 2000లో బెర్లిన్ జ్యూరీకి, 2002లో వెనిస్ జ్యూరీకి ఆమే అధ్యక్షురాలు. బహుమతి తీసుకున్న చోటే బహుమతి ఇచ్చే కుర్చీలో కూర్చుంది.

2014లో జాంగ్ యీమౌ సినిమాకే మళ్లీ వచ్చింది. ‘కమింగ్ హోమ్’. సాంస్కృతిక విప్లవంలో జైలుకెళ్లిన భర్త ఏళ్ల తర్వాత ఇంటికొస్తాడు. అప్పటికి భార్య జ్ఞాపకం చెదిరిపోయి ఉంటుంది, ఆయన్ని గుర్తుపట్టదు. ఐదో తారీఖున వస్తానని ఆయన రాసిన ఉత్తరం మాత్రం గుర్తుంది. ప్రతి నెలా ఐదో తారీఖున ఆయన పేరు రాసిన అట్ట పట్టుకుని రైల్వే స్టేషన్ గేటు దగ్గర నిలబడుతుంది. ఆయన కూడా ఆమె పక్కనే నిలబడతాడు, తన కోసం తానే ఎదురుచూస్తూ. మీ అవ్వ ఆ సినిమా చూసి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పిలవలేదు.

భాష తెలియని సినిమాలో, అరుపూ ఏడుపూ లేకుండా, ఒక మనిషి గేటు వైపు చూస్తుంటే మనకు గొంతు ఎందుకు పట్టేస్తుందో నేను చెప్పలేను. నారుమడి గురించి ఎంతైనా చెబుతాను గానీ అది నాకు అంతుపట్టదు. అదొక వింత, అంతే.

2020లో ఒకే ఏడాది ఆమెవి రెండు సినిమాలు వచ్చాయి. మీరు చూసిన ‘ములాన్’ ఒకటి. రెండోది ‘లీప్’, అందులో చైనా మహిళల వాలీబాల్ కోచ్ లాంగ్ పింగ్‌గా వేసింది. చిన్న వయసు లాంగ్ పింగ్‌గా ఆ కోచ్ సొంత కూతురే నటించింది. అమ్ములు స్కూల్లో వాలీబాల్ ఆడుతోంది కాబట్టి అది దొరికితే చూడండి. కోర్టు పక్కన బల్ల మీద కూర్చున్నప్పుడు ఆమె భుజాలు ఎలా ఉన్నాయో గమనించండి. ఎప్పుడూ ఆటలాడని మనిషి భుజాల్లా ఉండవు.

ముందు మాత్రం ‘చ్యూ జు’ చూడాలి. ఈ ఆదివారం మీ నాన్నను అడగండి. సబ్‌టైటిల్స్ అమ్ములు చదివి చింటూకు చెప్పాలి, వాడు అడ్డం తగలకూడదు. మొదట్లోనే ఒక పెద్ద బజారు కనిపిస్తుంది, జనం గుంపుగా మన వైపు నడిచొస్తుంటారు. ఎవరూ ఏమీ చెప్పరు. ఆ గుంపులో ఎక్కడో గోంగ్ లీ ఉంటుంది, మొగుణ్ని బండి మీద పడుకోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ. మీ ఇద్దరిలో ముందు ఎవరు ఆమెను కనిపెట్టారో, ఏం చూసి కనిపెట్టారో నాకు రాయండి. చివరి సీన్లో ఆమె రోడ్డు మీద ఆగి చూస్తుంది. ఆ ముఖంలో మీకేం కనిపించిందో అది కూడా రాయండి, ఒకరిది చూసి ఒకరు రాయొద్దు.

ఇట్లు,
మీ తాత
నంద్యాల